లెక్కింపు రోజు లేని సర్వేలు

అమెరికాలో మనుషుల కంటే తుపాకులే ఎక్కువ అన్న మాట విజయవాడ, గుంటూరుల్లో ఎవరికీ కొత్త కాదు. ఏ వీధిలో చూసినా నాలుగైదు ఇళ్ల పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. అక్కడెక్కడో కాల్పులు జరిగితే ఇక్కడ ఫోన్లు మోగుతాయి. ఆ సాయంత్రం టీవీ చర్చలో ఎవరో ఒకరు ఆ అంకె వల్లిస్తారు: ప్రతి 100 మందికి 120 తుపాకులు. ఎవరో ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టుకొచ్చినంత ధీమాగా చెప్తారు.

నిజానికి ఎవరూ లెక్కపెట్టలేదు. అది జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2018లో వెలువరించిన అంచనా. 2017 నాటికి ప్రపంచవ్యాప్తంగా పౌరుల చేతుల్లో 85.7 కోట్ల తుపాకులు, అందులో ఒక్క అమెరికాలోనే 39.3 కోట్లు ఉన్నాయని ఆ సంస్థ అంటోంది. అయితే హార్వర్డ్, నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2015లో అమెరికన్లనే నేరుగా అడిగి వేసిన లెక్క 26.5 కోట్ల దగ్గర ఆగింది. మధ్యలో ఉన్న రెండేళ్లలో కొత్తగా తయారైనవీ దిగుమతి అయినవీ కలిపినా ఈ తేడా పూడదు. దాదాపు 13 కోట్ల తుపాకులు ఒక లెక్కలో ఉన్నాయి, ఇంకో లెక్కలో లేవు.

సర్వేలు బోల్తా పడటం ఈ ప్రాంతం కళ్లారా చూసిందే. విజయవాడ మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సర్వే అంటే ఒకప్పుడు పందెం రాయుళ్లు కూడా చెవులు రిక్కించేవారు. 2019 మేలో ఆయన టీడీపీకి 100 సీట్లు, కాస్త అటూఇటూగా వస్తాయన్నారు. మే 23న ఓట్లు లెక్కిస్తే 175 సీట్లలో వైసీపీకి 151, టీడీపీకి 23 వచ్చాయి. ఆ సాయంత్రానికే ఆ సర్వే సంగతి తేలిపోయింది. ఎన్నికల సర్వే చేసేవారికి ఉన్న పెద్ద శిక్ష, పెద్ద వరం కూడా అదే. ఎక్కడ తప్పామో నెల తిరక్కుండా తెలుస్తుంది, మరుసటి సారి సరిదిద్దుకోవచ్చు.

తుపాకుల సర్వేకు లెక్కింపు రోజంటూ ఉండదు. అమెరికాలో తుపాకీ యజమానులందరి పేర్లతో కేంద్ర ప్రభుత్వం రిజిస్టర్ పెట్టకూడదని 1986లో చట్టమే చేశారు. అంటే సర్వే చెప్పిన జవాబును పక్కన పెట్టి సరిచూసుకోవడానికి అసలు జవాబు అనేది ఎవరి దగ్గరా లేదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే తక్కిన గందరగోళం చాలావరకు దానంతటదే అర్థమవుతుంది.

చికాగో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఎన్‌ఓఆర్‌సీ సంస్థ 1972 నుంచి జనరల్ సోషల్ సర్వే పేరుతో అమెరికన్ల జీవితం, అభిప్రాయాల మీద సర్వే నడుపుతోంది. మీ ఇంట్లో తుపాకీ ఉందా అని 1973 నుంచీ అడుగుతూ వస్తున్నారు. 1970లలో ఉందన్న ఇళ్లు దాదాపు సగం. 2014 నాటికి అవి మూడో వంతు కంటే తగ్గాయి. అదే ఏడాది అభిప్రాయ సేకరణలు చేసే గాలప్ సంస్థ ఫోన్లో అడిగితే 42 శాతం ఉందన్నారు. ఒకే దేశం, ఒకే ఏడాది, దాదాపు పది పాయింట్ల తేడా. ఇద్దరిలో ఎవరు కరెక్టు అన్నది ఇప్పటికీ తేలలేదు. జనరల్ సోషల్ సర్వేవారు అప్పట్లో గడపలోకి వచ్చి ఎదురుగా కూర్చుని అడిగేవారు, గాలప్‌వారు ఫోన్ చేస్తారు. ఒకరు ఇల్లు, గ్యారేజీ వరకే అడుగుతారు, ఇంకొకరు కొట్టంలో, కారులో ఉన్నా చెప్పమంటారు. ఈ చిన్న చిన్న తేడాలన్నీ కలిసి అన్ని పాయింట్లు అవుతాయా అంటే, కొంతవరకే అవుతాయి. మిగతాది ఎవరు నిజం చెప్తున్నారు, అసలు ఎవరు తలుపు తీస్తున్నారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

పత్రికల్లో ఈ అంకెలు వచ్చేటప్పుడు మూడు వేర్వేరు సంగతులు ఒకే గాటన కట్టేయడం మామూలైపోయింది. తుపాకీ ఉన్న మనుషులు ఎంతమంది, తుపాకీ ఉన్న ఇళ్లు ఎన్ని, మొత్తం తుపాకులు ఎన్ని అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ప్యూ పరిశోధన సంస్థ 2017లో అడిగినప్పుడు 30 శాతం పెద్దలు తమకు సొంత తుపాకీ ఉందన్నారు, తుపాకీ ఉన్న ఇంట్లో ఉంటున్నామన్నవారు 42 శాతం. రెండూ ఒకే సర్వేలోవి, రెండూ సరైనవే కావచ్చు. పైన చెప్పిన 2015 సర్వే ప్రకారం దేశంలోని తుపాకుల్లో సగం పెద్దల్లో 3 శాతం మంది చేతుల్లోనే ఉన్నాయి, వాళ్లకు సగటున తలా 17. కాబట్టి కొనుగోళ్లు పెరుగుతూ ఉండగానే తుపాకీ ఉన్న ఇళ్ల శాతం తగ్గడం అసాధ్యమేమీ కాదు. పదో తుపాకీ ఉన్నవాడు పదకొండోది కొంటే ఇళ్ల లెక్క కదలదు. "సర్వే అబద్ధం, చూడండి అమ్మకాలు ఎలా పెరిగాయో" అనేవారూ, "తుపాకుల మోజు తగ్గిపోతోంది" అనేవారూ ఈ చిన్న సంగతి దగ్గరే కాలు జారుతుంటారు.

ఇక అబద్ధాల సంగతి. గుంటూరు బ్రాడీపేటలో ఎవరో కాగితం, పెన్ను పట్టుకుని వచ్చి మీ ఇంట్లో బంగారం ఎన్ని కాసులుందో చెప్పమంటే గడపలో నిలబడి నిజం చెప్పే గృహిణి ఎవరైనా ఉంటారా? దొంగల భయం, పన్ను భయం, ఆడపడుచుకు తెలుస్తుందన్న భయం, ఇలా కారణాలు బోలెడు. తుపాకీ కూడా అలాంటి వస్తువే. దాన్ని గురించి నిజం చెప్తే నష్టపోతామేమో అనే అనుమానం ఉన్నవారే దాన్ని ఎక్కువగా కొనుక్కుంటారు కూడా. ప్రభుత్వం ఏదో ఒకరోజు తుపాకులు లాక్కుంటుందని నమ్మే అమెరికన్, ముక్కూమొహం తెలియని గొంతు ఫోన్లో అడగ్గానే లెక్క చెప్తాడని ఆశించడం అత్యాశే.

అయినా ఈ అబద్ధం ఎంత అన్నదాన్ని కొలిచే ప్రయత్నాలు కొన్ని జరిగాయి. మిషిగన్ రాష్ట్రంలోని ఇంగమ్ కౌంటీలో 1990లలో పరిశోధకులు ఒక పని చేశారు. పిస్తోలు రిజిస్టర్ చేయించుకున్న ఇళ్ల జాబితా, వేట లైసెన్సు తీసుకున్న ఇళ్ల జాబితా ముందే చేతిలో పెట్టుకుని, ఏమీ తెలియనట్టు ఫోన్ చేసి అడిగారు. జవాబిచ్చిన ఇళ్లలో ప్రతి పదింటిలో దాదాపు తొమ్మిది ఉందని ఒప్పుకున్నాయి. అంతకుముందు సియాటెల్, మెంఫిస్ నగరాల్లో రిజిస్టరైన పిస్తోళ్ల యజమానుల ఇళ్లకు వెళ్లి అడిగినప్పుడూ ఇంచుమించు అదే ఫలితం వచ్చింది. సర్వేల తరఫున వాదించేవారు ఇప్పటికీ ఈ అధ్యయనాలనే చూపిస్తారు.

వాటిలో ఒక మెలిక ఉంది. ప్రభుత్వం దగ్గరకు తానే వెళ్లి పేరు రాయించుకున్నవాడు సర్వేవాడి దగ్గర దాచాల్సిన పనేముంది? దాచేవాడు ఆ జాబితాలోనే ఉండడు. పైగా ఫోన్ పెట్టేసినవారు, తలుపు తీయనివారు ఈ లెక్కలోకి రాలేదు. రికార్డులో ఉన్నవారు నిజం చెప్తారని ఆ అధ్యయనాలు బాగానే చూపించాయి. రికార్డులో లేనివారి గురించి వాటికి చెప్పడానికేమీ లేదు, అసలు సమస్య ఉన్నది వాళ్లతోనే.

అబద్ధం లేకుండా కూడా జవాబు తప్పవచ్చు. అమెరికా సర్వేల్లో పెళ్లయిన మగవాళ్లను అడిగితే తుపాకీ ఉన్న ఇళ్ల శాతం ఎక్కువగా, పెళ్లయిన ఆడవాళ్లను అడిగితే తక్కువగా వస్తున్నట్టు 1998లో లుడ్విగ్, కుక్, స్మిత్ అనే పరిశోధకులు గమనించారు. భార్యాభర్తలు ఉండేది ఒకే ఇంట్లో కదా, రెండు అంకెలూ సమానంగా రావాలి. భర్త అటక మీద పెట్టిన పెట్టెలో ఏముందో భార్యకు తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పాలనిపించకపోవచ్చు. ఇల్లు మొత్తానికీ ఒకరినే అడిగే ఏ సర్వేకైనా ఈ చిక్కు తప్పదు. మధ్యాహ్నం పూట ఫోన్ ఎత్తేదెవరు అన్నదాన్ని బట్టి దేశంలో తుపాకీ ఉన్న ఇళ్ల శాతం మారిపోతుంది.

సర్వే అంటే జనం ఏమనుకుంటారన్నది కూడా జవాబును మారుస్తుంది. తెలుగువాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒకప్పుడు వాలంటీరు వచ్చినా, ఇప్పుడు సచివాలయం ఉద్యోగి వచ్చినా, కాగితం చూడగానే మొదట వచ్చే ఆలోచన ఇది పింఛనుకా, రేషన్ కార్డుకా, పథకం పోతుందా వస్తుందా అనే. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే అంటే ముంబై, సూరత్‌ల నుంచి కూడా బస్సులెక్కి సొంతూళ్లకు వచ్చి పేర్లు రాయించుకున్నారు. లాభం ఉందనుకుంటే లెక్క ఉబ్బుతుంది, నష్టం ఉందనుకుంటే కుంచించుకుపోతుంది. అడిగేవాడికి ఏ ఉద్దేశం లేకపోయినా చెప్పేవాడు ఒక ఉద్దేశాన్ని అంటగట్టుకునే జవాబు చెప్తాడు.

కాబట్టి తుపాకుల సర్వేలో తప్పు ఎప్పుడూ తక్కువ వైపే ఉంటుందనుకోవడమూ పొరపాటే. తుపాకీ హోదాకు గుర్తైన చోట లేనివాడు కూడా ఉందంటాడు. వెనక ఇద్దరు గన్‌మెన్ లేకపోతే నాయకుడే కాదనుకునే రాజకీయాలు మనవి. (ఆ గన్‌మెన్ చేతిలోది సర్కారు ఆయుధం, పౌరుల లెక్కలోకి రాదు, అది వేరే సంగతి.) ఎక్కువ వైపు జరిగే తప్పుకు అందరికీ తెలిసిన ఉదాహరణ 1995లో గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో ఏటా 25 లక్షల సార్లు వరకు జనం తుపాకీతో ఆత్మరక్షణ చేసుకుంటున్నారని వాళ్లు తేల్చారు. అక్కడి కేంద్ర ప్రభుత్వం నడిపే నేర బాధితుల సర్వే ప్రకారం అది దాదాపు లక్ష. తేడా ఇరవై అయిదు రెట్లు.

ఇంత తేడా ఎలా వస్తుందో హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ హెమెన్‌వే 1997లో వివరించాడు. ఆయన వాదన లెక్క వేసి చూస్తేనే బాగా తెలుస్తుంది. క్లెక్, గెర్ట్జ్ అడిగింది సుమారు 5,000 మందిని, అవునన్నవారు 1.3 శాతం. ఇప్పుడు 1,000 మందిని తీసుకుందాం. ఆ ఏడాది నిజంగా తుపాకీతో ఆత్మరక్షణ చేసుకున్నవాడు వాళ్లలో ఒక్కడే అనుకుందాం. ఆ ఒక్కడూ అబద్ధం చెప్తే ఒకటి తగ్గుతుంది, అంతకంటే తగ్గడానికి ఏమీ లేదు. మిగతా 999 మందిలో నూటికి ఒకరు గొప్ప కోసమో, మతిమరుపు వల్లో, మూడేళ్ల కిందటి సంగతిని నిరుడు జరిగినట్టు గుర్తుంచుకోవడం వల్లో అవునంటే పది కొత్త కేసులు పుట్టుకొస్తాయి. అసలు ఒకటి, సర్వేలో పదకొండు. దాన్ని దేశ జనాభాతో హెచ్చిస్తే లక్షలు కాస్తా పదుల లక్షలవుతాయి. అరుదైన సంగతిని అందరినీ అడిగితే తప్పు ఎప్పుడూ పైకే పోతుందన్నమాట. ఇదే మాట చెప్పడానికి హెమెన్‌వే 1994 నాటి ఒక ఒపీనియన్ పోల్‌ను గుర్తుచేశాడు. అందులో సుమారు 0.6 శాతం మంది తాము గ్రహాంతరవాసులను స్వయంగా కలిశామని చెప్పారు. ఆ లెక్కన అమెరికాలో లక్షల మందికి వాళ్లతో పరిచయం ఉండాలి.

ఆత్మరక్షణ లెక్క ఇలా ఉబ్బుతుందంటే తుపాకీ యాజమాన్యం లెక్క కూడా అంతే ఉబ్బుతుందని కాదు. మూడో వంతు ఇళ్లలో ఉన్న వస్తువు అరుదైనది కాదు, అక్కడ దాచేవారి ప్రభావమే ఎక్కువ. కానీ ఇదే ప్రశ్న విజయవాడలో అడిగితే పరిస్థితి తిరగబడుతుంది. ఇక్కడ లైసెన్సు తుపాకీ ఉన్న ఇల్లు బహు అరుదు. ఇక్కడ అమెరికా పద్ధతిలో సర్వే చేస్తే వచ్చే "ఉంది"లలో సగానికి సగం పరాచికాలో, ఎయిర్ గన్‌లో, ప్రశ్న సరిగా వినబడనివో అయినా ఆశ్చర్యపడాల్సింది లేదు.

దాచేవారి చేత నిజం చెప్పించడానికి గణాంకవేత్తల దగ్గర ఒక ఉపాయం ఉంది. 1965లో స్టాన్లీ వార్నర్ ప్రతిపాదించిన ఆలోచనకు ఇది సులువైన రూపం. వన్‌టౌన్‌లో 1,000 మందిని అడుగుతున్నామనుకోండి. ప్రతి ఒక్కరి చేతికి ఒక రూపాయి నాణెం ఇచ్చి, అటు తిరిగి ఎగరేసుకోమంటారు. బొమ్మ పడితే నిజంతో పని లేకుండా "ఉంది" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ఏది పడిందో అడిగేవాడికి తెలియదు, కాబట్టి "ఉంది" అన్న మనిషికి నిజంగా ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. పోలీసులు వచ్చి ఆ కాగితాలు పట్టుకుపోయినా ఉపయోగం లేదు. 1,000 మందిలో 540 మంది ఉందన్నారనుకుందాం. అందులో సుమారు 500 బొమ్మ పుణ్యం. మిగిలిన 40, బొరుసు పడిన 500 మందిలోవి. అంటే 8 శాతం. ఎవరి గుట్టూ బయటపడకుండా ఊరి లెక్క వచ్చేసింది.

చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ దీనికి ఖరీదుంది. నాణెం కచ్చితంగా 500 సార్లే బొమ్మ చూపించదు, కాస్త అటూఇటూ అవుతుంది. ఆ ఊగిసలాటను కలుపుకుంటే 8 శాతం అన్నది దాదాపు 2 నుంచి 14 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కచ్చితత్వం కావాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందిని అడగాలి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది: తన ఇంట్లో ఏమీ లేకపోయినా నాణెం చెప్పింది కదా అని "తుపాకీ ఉంది" అని నోటితో అనడానికి ఎంతమంది ఒప్పుకుంటారు?

సర్వేల కింద చిన్న అక్షరాల్లో వేసే "ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం" ఈ తప్పుల్లో వేటినీ పట్టించుకోదు. అది ఏ వెయ్యి మంది చేతికి చిక్కారన్న అదృష్టం గురించి మాత్రమే చెప్తుంది. ఆ వెయ్యి మందీ ఒకే వైపు దాస్తే అందులో అది కనిపించదు.

నేరుగా అడిగితే ఇన్ని చిక్కులు కాబట్టి పరిశోధకులు పక్కదారులు వెతుకుతారు. అమెరికాలో ఆత్మహత్యల్లో సగానికి పైగా తుపాకీతోనే జరుగుతాయి. ఏ రాష్ట్రంలో ఆ శాతం ఎక్కువో అక్కడ ఇళ్లలో తుపాకులు ఎక్కువని అంచనా వేస్తారు. ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2020లో ఇచ్చిన రాష్ట్రాలవారీ లెక్కల్లో సర్వేలతో పాటు ఇలాంటి సూచికలు కూడా ఉన్నాయి. చేతికందే దూరంలో ఏముందో దాని జాడ మరణాల రికార్డుల్లో మిగులుతుందన్నది దీని వెనక తర్కం. పత్తి, మిరప పండించే గుంటూరు, పల్నాడు పల్లెల్లో పురుగుమందు మరణాల గురించి తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కర్లేదు. తుపాకీ కొనేవారికి నేరచరిత్ర వంటివి ఉన్నాయా అని ముందే చూసే నేపథ్య తనిఖీల సంఖ్య ఇంకో సూచిక. 1998 చివరి నుంచి ఆ వ్యవస్థ నడుస్తోంది. కానీ ఒక తనిఖీ మీద రెండు తుపాకులు కొనవచ్చు, తనిఖీ జరిగాక కొనకపోవచ్చు, కొన్ని రాష్ట్రాల్లో పాత పర్మిట్ల కోసం కూడా అదే తనిఖీ చేస్తారు. దాన్ని అమ్మకాల లెక్కగా రాసే వార్తలను నమ్మనక్కర్లేదు.

భారతదేశానికి వస్తే కథ ఇంకో రకం. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది, లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. కమిషనరేట్ ఉన్న విజయవాడలో పోలీసు కమిషనర్, గుంటూరులో కలెక్టర్ లైసెన్సు ఇస్తారు. అంటే అమెరికాలో లేని రిజిస్టర్ మన దగ్గర ఉంది. కేంద్ర హోంశాఖ లెక్కల ప్రకారం 2016 చివరికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులు అమల్లో ఉన్నాయి. మరి స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017లో భారత్‌కు వేసిన అంచనా 7.11 కోట్ల తుపాకులు, అందులో రిజిస్టరైనవి 97 లక్షలు. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే అనుమానం రాక తప్పదు. అప్పట్లో ఒక లైసెన్సు మీద గరిష్ఠంగా మూడు ఆయుధాలు ఉంచుకోవచ్చు, 2019 సవరణతో అది రెండుకు తగ్గింది. 97 లక్షలు నిజం కావాలంటే దేశంలోని లైసెన్సుదారుల్లో దాదాపు ప్రతి ఒక్కరి దగ్గరా మూడేసి తుపాకులు ఉండాలి. పొలం కాపలాకు తాతల నాటి సింగిల్ బ్యారెల్ ఒకటి, బ్యాంకు గార్డు ఉద్యోగం కోసం మాజీ సైనికుడు తీసుకున్న డబుల్ బ్యారెల్ ఒకటి, ఇలాంటి లైసెన్సులు ఎన్నో ఉన్న దేశంలో ఇది నమ్మశక్యంగా లేదు. ఇక రిజిస్టర్ కానివి 6.14 కోట్లు అన్న అంకెను సరిచూసే దారే లేదు.

మరి హోంశాఖ లెక్క గట్టిదా? ఆ జాబితాలో ఉత్తరప్రదేశ్ ఒక్కదానికే 12.77 లక్షలు. రెండో స్థానంలో జమ్మూ కశ్మీర్, 3.69 లక్షలు. అక్కడ 2012 నుంచి 2016 దాకా 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అర్హత లేనివారికి డబ్బు తీసుకుని ఇచ్చారన్న ఆరోపణ మీద సీబీఐ కేసు నడుస్తోంది. చిరునామా ఒకచోట, తుపాకీ వేరే రాష్ట్రంలో ఉంటే రాష్ట్రాలవారీ పట్టికకు అర్థమేముంది? రిజిస్టర్ ఉన్నంత మాత్రాన లెక్క సరిపోదు.

జాతీయ సగటును స్థానికంగా దించితే వచ్చే వింత ఇంకొకటి. భారత్‌లో 100 మందికి 5.3 తుపాకులన్నది స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా. 2011 జనాభా లెక్కల్లో విజయవాడ నగరంలో 10 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఆ లెక్కన బెంజి సర్కిల్ నుంచి భవానీపురం దాకా ఈ ఒక్క ఊళ్లోనే 50 వేలకు పైగా తుపాకులుండాలి! కృష్ణలంకలో పుట్టి పెరిగి బ్యాంకు గార్డు చేతిలో తప్ప తుపాకీ చూడనివారు ఎందరో. జాతీయ సగటు ఏ జిల్లాకూ చెందదు.

మన దగ్గర నిజమైన లెక్కింపుకు కాస్త దగ్గరగా వచ్చేది ఎన్నికల సమయంలోనే. నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లలో డిపాజిట్ చేయమంటారు. బ్యాంకు గార్డుల వంటి కొందరికి మినహాయింపు ఉంటుంది. మిగతావారు తుపాకీ, తూటాలు తెచ్చి అప్పగించి రసీదు తీసుకుంటారు. లైసెన్సుదారు చనిపోయి తుపాకీ కొడుకు దగ్గర ఉండిపోవడం, చిరునామా మారడం, పునరుద్ధరణ మరచిపోవడం వంటివన్నీ అప్పుడే బయటపడతాయి. వస్తువు కంటికి కనిపించే లెక్క ఇదొక్కటే. కానీ ఇది లైసెన్సులున్నవారి లెక్క. 2024 ఎన్నికల తర్వాత పల్నాడులో పోలీసులు వెతికి పట్టుకున్న పెట్రోలు బాంబులు, నాటు బాంబులు ఏ డిపాజిట్ రిజిస్టర్‌లోనూ ఉండవు. పట్టుబడిన అక్రమ ఆయుధాల సంఖ్య చూసి అక్రమ ఆయుధాలు పెరిగాయని అనడమూ కుదరదు. తనిఖీలు పెరిగితే పట్టుబడేవి పెరుగుతాయి, ఎన్నికలయ్యాక చెక్‌పోస్టులు ఎత్తేస్తే తగ్గుతాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే ఆయుధాల చట్టం కేసుల పట్టికనూ ఈ జాగ్రత్తతోనే చదవాలి.

ఇన్ని లోపాలున్నా ఈ సర్వేలు పనికిరానివేమీ కావు. ఒకే సంస్థ, ఒకే ప్రశ్నను, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి అడిగినప్పుడు వచ్చే ఎత్తుపల్లాలను చాలావరకు నమ్మవచ్చు. దాచేవారి శాతం ఏటా అంతే ఉందనుకుంటే అసలు అంకె తప్పైనా దిశ తప్పదు. అయితే ఆ "అంతే ఉందనుకుంటే" అన్నచోట కూడా ఒక కన్నేసి ఉంచాలి. 2021లో కరోనా వల్ల జనరల్ సోషల్ సర్వే ఎదురెదురుగా అడిగే పద్ధతి నుంచి ఎక్కువగా ఆన్‌లైన్‌కు మారింది. ఆ ఏటి అంకెలో కనిపించిన మార్పులో జనం కొన్న తుపాకులెన్ని, మనిషి ఎదురుగా లేనందువల్ల బయటపడినవెన్ని అన్నది విడదీయడానికి పరిశోధకులు కుస్తీ పడాల్సి వస్తోంది.